ముఖద్వారం పక్కన రాతి పలకలు: మన మొక్కల్లో వేటిని చెక్కించాలి, ఏ రాతిలో చెక్కించాలి?

ప్రశ్న అడిగినవారు గుంటూరులో ఇల్లు కట్టిస్తున్నారు. ఇల్లు తూర్పు ముఖం. ముఖద్వారానికి అటూ ఇటూ మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న రెండు రాతి పలకలు నిలబెట్టి, వాటి మీద అందరి ఇళ్ల ముందూ కనిపించే నెమళ్లూ తీగలూ కాకుండా మన ప్రాంతపు చెట్లూ పువ్వులూ చెక్కించాలని వారి కోరిక. ఫోటోలు ఇస్తే శిల్పి అచ్చం అలాగే చెక్కగలరా, ఏ మొక్కలు బాగుంటాయి, సంప్రదాయం దీనికి ఒప్పుకుంటుందా, పలనాటి సున్నపురాయి మంచిదా లేక గ్రానైట్ మంచిదా అన్నవి వారి సందేహాలు. విజయవాడలో మా నాన్నగారి కాలం నుంచీ మాది రాతిపనే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటి సమాధానం. శిల్పికి ఫోటో ఇవ్వకండి, కొమ్మ ఇవ్వండి. ఒక్కో పలకకు ఒకే మొక్కను ఎంచుకోండి. వీధి గేటు దగ్గర నిలబడి చూసినా ఆకునో కాయనో ఆనవాలు పట్టగలిగేంత స్పష్టమైన ఆకారం దానికి ఉండాలి. మీరు చెప్పిన చోటికి నేనైతే ఒక పక్క మారేడు, మరో పక్క రావి సూచిస్తాను. పోర్టికో కప్పు వాన జల్లును ఆపుతున్నట్లయితే పలనాటి సున్నపురాయి వాడండి. జల్లు నేరుగా తగిలే చోటైతే నల్ల గ్రానైట్ తీసుకోండి, కాని అప్పుడు అదే డిజైన్ పనికిరాదు. సంప్రదాయం అడ్డు చెప్పదు, ఒక్క మర్యాద పాటిస్తే చాలు.

ఫోటో ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఫోటోలో ఒక ఆకు మరో ఆకును కప్పేస్తుంది, తొడిమ ఎక్కడ మొదలైందో కనబడదు, లోతు అసలే తెలియదు. పచ్చదనంలోని తేడాల వల్ల విడివిడిగా కనిపించిన ఆకులన్నీ ఒకే రంగున్న రాతిలోకి రాగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాతి మీద మనకు కనిపించేవల్లా గట్టూ, దాని పక్కన పడే నీడా మాత్రమే. అందుకని శిల్పికి ఆ మొక్క పెరిగే తీరు తెలియాలి: ఆకులు ఎదురెదురుగా వస్తాయా, ఒకటి విడిచి ఒకటి వస్తాయా, కొమ్మ చివర గుత్తిగా చేరతాయా, ఈనెలు అంచు దాకా పోతాయా, మధ్యలోనే వంగి పక్క ఈనెలో కలుస్తాయా, విచ్చుకునే ముందు మొగ్గ ఏ వైపు మెలి తిరిగి ఉంటుంది. గన్నేరు ఆకులు సాధారణంగా కణుపుకు మూడు చొప్పున వస్తాయి. మామిడి ఆకులు రెమ్మ చివర గుంపుగా చేరతాయి. ఈ రెంటికీ పొడవాటి సన్నని ఆకులే అయినా, ఆకులు పుట్టే చోటు సరిగ్గా చెక్కితే చాలు, పల్లెటూరి ముసలమ్మ కూడా ఇది గన్నేరు, ఇది మామిడి అని చెప్పేస్తుంది. అది తప్పితే ఎంత నునుపుగా చెక్కినా చూసేవారికి అది ఏదో ఒక ఆకు, అంతే.

దీనికి పాఠం మన పక్కనే ఉంది. అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, చుట్టూ ఉన్న ప్రాకారానికి నిలువు కంబాలు, వాటిని కలిపే అడ్డ పలకలు, వాటన్నిటి మీదుగా పొడవునా సాగే ఉష్ణీషం ఉండేవి. అడ్డ పలకల నడుమ గుండ్రని పద్మం, కంబాల పైనా కిందా అర్ధపద్మం, ఉష్ణీషం మీద మనుషులు భుజాన మోసుకుపోతున్న లావుపాటి పూలదండ. ఆ పద్మాన్ని దగ్గరగా చూడండి. నట్టనడుమ దుద్దు, దాని మీద గింజల గుర్తులు ఉంటాయి. ఆ దుద్దే అది కలువ కాదు తామర అని చెబుతుంది. దుద్దు చుట్టూ వలయాలుగా రేకులు. లోపలి వలయంలో రెండు రేకుల మధ్య ఉన్న సందులోంచి బయటి వలయపు రేకు కొన తొంగిచూస్తూ ఉంటుంది. చెరువులో విచ్చిన తామరను పైనుంచి చూస్తే ఇంత కచ్చితమైన వలయాలు కనపడవు. ఆనాటి శిల్పి పువ్వు నుంచి ఒక్క నియమం తీసుకున్నాడు, సందును రేకు కప్పుతూ రావడం. మిగిలినదంతా కంపాసుతో గీసి సమభాగాలుగా పంచుకున్నాడు. మా పనిశాలలో ఇప్పటికీ పద్మం మొదలుపెట్టేది వృత్తాన్ని 8 భాగాలు చేసి, వాటిని 16 చేసే పద్ధతిలోనే. అదే చైత్యపు పలకల మీది పూర్ణఘటం ఇంకా నేర్పుతుంది: ఒకే కుండలోంచి మొగ్గ, సగం విచ్చిన పువ్వు, పక్కనుంచి కనిపించే పువ్వు, పైనుంచి కనిపించే పువ్వు లేస్తాయి. ఒక్క మొక్కతో పలకంతా నింపితే విసుగు పుట్టదా అని అడిగేవారికి నేను చూపించేది దాన్నే. 2018లో మన రాష్ట్రం స్వీకరించిన చిహ్నం నడుమ ఉన్నదీ పూర్ణఘటమే.

అయితే ఆ పద్మాల్లో చాలా భాగం ఇప్పుడు అమరావతిలో లేవు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికే చైత్యపు దిబ్బను తవ్వి ఇటుకలూ రాళ్లూ తరలించడం మొదలైంది. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకూ, అక్కడి నుంచి చాలావరకు లండన్‌కూ చేరాయి. అందుకని అమరావతి మ్యూజియం చూడండి, వీలైతే చెన్నై ఎగ్మూరు మ్యూజియం తప్పకుండా చూడండి. లండన్‌లోని వాటి ఫోటోలు బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్దవిగా దొరుకుతాయి. మీ శిల్పితో కలిసి చూస్తే ఇంకా మంచిది. ఇందాక ఫోటో వద్దన్నాను గదా అనకండి, మరొక శిల్పి రాతిలో తీసుకున్న నిర్ణయాలు ఫోటోలోనూ తెలుస్తాయి, చెట్టు సంగతి వేరు.

ఇక ఏ మొక్కలు అన్న ప్రశ్న. మన ప్రాంతం, మన సంప్రదాయం రెండూ కలిసిన జాబితా ఒకటి ప్రతి తెలుగింట్లోనూ ఇప్పటికే ఉంది. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్రపూజలో చదివే 21 పత్రాలే అవి. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకీ, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. మొక్కలతో పలకలు కావాలని ఎవరు వచ్చినా నేను ముందు ఈ జాబితానే ముందు పెడతాను. కాని వీటిలో సగం రాతికి లొంగవు. ఏవి లొంగుతాయో నా అనుభవం కొద్దీ చెబుతాను.

మారేడు అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నిండుగా ఉంటుంది. తొడిమ చివర మూడు ఆకులు, నడిమిది కొంచెం పొడవాటి కాడ మీద ముందుకు వచ్చి ఉంటుంది. ఆ చిన్న తేడా చూపిస్తే చాలు, మూడాకుల మొక్కలు ఇంకెన్ని ఉన్నా ఇది మారేడే. పైగా ఆ నున్నని గుండ్రటి కాయ ఉంది. సన్నని ఆకుల మధ్య ఒక్క పెద్ద గుండ్రని ఉబ్బు ఉంటే పలకకు కన్ను నిలిచే చోటు దొరుకుతుంది. జిల్లేడు ఆకు దళసరి, పువ్వు మైనంతో పోత పోసినట్లే ఉంటుంది, అసలు చెక్కడం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కాని పాడుబడ్డ ఇంటి గుర్తుగా జిల్లేళ్లు మొలవడాన్ని చెప్పుకునే వాడుక మనకు ఉంది కాబట్టి ముఖద్వారం దగ్గర పెద్దలు ఒప్పుకోరు. పూజగది గోడకైతే అభ్యంతరం ఉండదు. ఉమ్మెత్తకు బాకా లాంటి పువ్వు, ముళ్ల కాయ ఉన్నాయి, రెండూ రాతిలో అద్భుతంగా వస్తాయి. తెల్ల మద్ది ఆకు మామూలుదే గాని దాని కాయకు నిలువునా అయిదు రెక్కలుంటాయి. నాకు అత్యంత ఇష్టమైన రూపం అది, దురదృష్టవశాత్తూ దాన్ని చూసి గుర్తుపట్టేవారే కరువు. వావిలి ఆకు అయిదు వేళ్లతో విప్పిన అరచెయ్యి ఆకారం, అంచు పట్టికకు బాగా సరిపోతుంది. రేగు ఆకుకు మొదట్లోంచే మూడు ఈనెలు లేస్తాయి, ఆ మూడు గీతలతోనే ఆకు పట్టుబడుతుంది. దానిమ్మకు కాయ మీది కిరీటం చాలు.

జమ్మి, గరిక, విష్ణుక్రాంతం, మరువం జోలికి పోకండి. జమ్మి ఆకుల్లోని చిన్న చిన్న దళాలు రాతి మీద గరుకు గీతలుగా మాత్రమే మిగులుతాయి. తులసి ఆకును ఆకుగా చెక్కితే ఎవరూ పోల్చుకోరు, కోటతో సహా చెక్కితేనే తులసి. మన రాష్ట్ర పుష్పమైన మల్లెకూ ఇదే చిక్కు. విచ్చిన మల్లెలు నాలుగడుగుల దూరం నుంచి చుక్కల్లా ఉంటాయి; మల్లె కావాలనుకుంటే మొగ్గలను దండ కట్టినట్లు అంచు చుట్టూ తిప్పండి, అప్పుడు అందం వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం పూజగది ద్వారబంధం చుట్టూ 21 పత్రాలూ వరసగా ఉండి తీరాలని పట్టుబట్టింది. స్పష్టమైన రూపం ఉన్నవాటికి ఒక్కొక్క గడి ఇచ్చి, చిన్న ఆకులవాటిని గడుల మధ్య అల్లికగా నింపాము. అసలు తగువు గండకీ పత్రం దగ్గర వచ్చింది. అది ఏ మొక్క అన్న దానిపై ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఆ ఇంటి పురోహితులు ఒకటి చెప్పారు, ఇంటి పెద్దాయన మరొకటి చెప్పారు. ఆ గడిని చివరి దాకా ఖాళీగా ఉంచి, వారిద్దరూ ఒక మాట మీదికి వచ్చాక చెక్కాము. దేవదారు హిమాలయాల చెట్టు, మన నేలది కాదు. కొమ్మ తెప్పించే వీలు లేక వృక్షశాస్త్ర పుస్తకంలోని రేఖాచిత్రం మీద ఆధారపడవలసి వచ్చింది. ఇంకొక మాట, చవితి ముందురోజు బజారులో కట్ట కట్టి అమ్మే పత్రిని నమూనాగా తెచ్చుకోకండి, అందులో ఏది దొరికితే అది కలిపేస్తారు.

"మన ప్రాంతపు" అన్న షరతు గురించి ఇక్కడే చెప్పాలి. గుంటూరు అనగానే మిరపకాయ గుర్తుకొస్తుంది, కాని మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి కాలంలో వచ్చినది. మన గుమ్మాలకు కట్టే బంతి, గొబ్బెమ్మల మీద పెట్టే గుమ్మడి పువ్వు, గుళ్లలో విరివిగా కనిపించే దేవగన్నేరు కూడా ఆ వైపు నుంచి వచ్చినవే. ఈ నేల మీద పుట్టినవే కావాలంటే వీటిని పక్కన పెట్టాలి. మన ఇళ్లల్లో కలిసిపోయినవి చాలు అనుకుంటే నిశ్చింతగా చెక్కించవచ్చు, నా మొగ్గు ఈ రెండో వైపే. గుంటూరులో మిరప వ్యాపారం చేసే ఒకరు గేటు కంబాల మీద మిరప గుత్తులు కావాలన్నారు. ఇంటి ముందు కారమేమిటని బంధువులు సణిగారు. దిష్టికి నిమ్మకాయతో కలిపి గుమ్మానికి కట్టేది ఏమిటని ఆయన ఎదురడిగేసరికి ఎవరూ మాట్లాడలేదు. నున్నగా మెరిసే కాయ కాబట్టి నల్ల గ్రానైట్‌లో మిరప చాలా బాగా వచ్చింది. పత్తి విషయంలో మాత్రం జాగ్రత్త. ఇప్పుడు పొలాల్లో ఎక్కువగా కనిపించేది అమెరికా జాతి పత్తి. మన నాటు పత్తి కాయ చిన్నది, ఎక్కువగా మూడు గదులుగా విచ్చుకుంటుంది. రెండూ రాతిలో అందంగానే ఉంటాయి, ఏది చెక్కుతున్నారో తెలిసి చెక్కించుకోండి.

సంప్రదాయం ఒప్పుకుంటుందా అన్నారు. ప్రతిష్ఠ చేసే మూలమూర్తికి తాళమానం (అవయవాల కొలతల లెక్క), ఆయుధాలు, ఆసనం అన్నీ శాస్త్రం నిర్ణయిస్తుంది, అక్కడ శిల్పి సొంత తెలివి చూపడానికి లేదు. ద్వారబంధం, కంబం, తోరణం, పట్టిక వంటి అలంకార భాగాల్లో లతలనూ పువ్వులనూ కల్పించుకునే స్వేచ్ఛ శిల్పికి ఎప్పుడూ ఉంది. దేశంలో మరో చోట చూసినా అంతే: మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపం మీద పూర్వ బుద్ధుల బోధివృక్షాలను ఒక్కొక్కటీ ఏ చెట్టో తెలిసేలా వేర్వేరుగా చెక్కి, పేర్లు కూడా చెక్కారు. ఇంటి గోడ మీద మారేడు కొమ్మ ఉండడం దోషమెలా అవుతుంది? పాటించవలసిన మర్యాద ఒక్కటే. పూజలో వాడే ఆకునూ పువ్వునూ కాలు పడే చోట చెక్కించకండి. మెట్లు, గడప, వాకిటి బండల మీద తామరో మారేడో తులసో ఉంటే మీకు పట్టింపు లేకపోయినా వచ్చేవారు తొక్కడానికి సంకోచిస్తారు. మీ పలకలు కూడా నేలను ఆనుకుని కాక కనీసం అడుగున్నర ఎత్తున మొదలయ్యేలా చూడండి. చెప్పులు విడిచేది కూడా అక్కడే గదా.

రాయి సంగతికి వస్తే, పలనాటి సున్నపురాయికి మన దగ్గర రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఆ జాతి రాతివే. మాచర్ల పక్కన దుర్గిలో ఇప్పటికీ ఆ రాతిని చెక్కే కుటుంబాలున్నాయి, దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేణువు సన్నం, రాయి మెత్తన. 1 నుంచి 10 దాకా ఉండే కాఠిన్యపు కొలతలో సున్నపురాతిలోని ఖనిజం 3 దగ్గర ఉంటే, గ్రానైట్‌లోని పలుగురాయి 7 దగ్గర ఉంటుంది. ఆ తేడా ఉలి కింద ఎలా తెలుస్తుందో రావి ఆకు తోకతో చెబుతాను. సున్నపురాతిలో ముందు జేగురుతో గీసి, గీతకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) బయటగా మొనఉలితో నేలను, అంటే బొమ్మ వెనకుండే చదునును, దించుతాం. తర్వాత వెడల్పు నోటి ఉలితో ఆకు నడి ఈనె నుంచి అంచుకు వాలు తీస్తాం. తోక దగ్గరికి వచ్చేసరికి సుత్తి పక్కన పెట్టి, ఉలిని చేతి ఒత్తిడితోనే గీకుతూ రెండు నూళ్ల మందం దాకా సన్నం చేయవచ్చు. అప్పుడు కూడా ఆ తోకను గాలిలో వదలం. పక్క ఆకు వీపు మీదికి వాలుస్తాం, లేదా నేలకు తాకిస్తాం. ఆధారం లేని సన్నని కొన మొదటి దీపావళికి తుడిచే గుడ్డ తగిలి ఊడిపోతుంది. ఇదే తోకను గ్రానైట్‌లో తీయబోతే, అంచు సన్నబడే కొద్దీ రేణువులు పెచ్చులుగా లేచిపోతాయి. అందుకని గ్రానైట్‌కు ఆకులు తక్కువగా, పెద్దవిగా, అంచులు మొద్దుగా ఉండాలి.

గ్రానైట్‌కు వేరే బలం ఉంది. నల్లరాతిని మెరుగు పెడితే నల్లగా నిగనిగలాడుతుంది, ఉలితో పొడిస్తే బూడిదరంగు తేలుతుంది. ఆకును మెరుగు మీద వదిలేసి నేలను పొడిస్తే, లోతు పావు అంగుళమే ఉన్నా బొమ్మ దూరానికి స్పష్టంగా తెలుస్తుంది. ఈనెలను కూడా మెరుగు మీద సన్నగా పొడిచి చూపవచ్చు. అయితే చీమకుర్తి గెలాక్సీ రాయి మాత్రం వద్దు. నేలకూ వంటింటి గట్టుకూ ఆ మెరుపు చుక్కలు శోభ, చెక్కడంలో అవే నీడలను చెదరగొడతాయి.

రాయి ఏదైనా కొనే ముందు రెండు పరీక్షలు మీరే చేయవచ్చు. పలకను రెండు చెక్కల మీద ఆనించి సుత్తితో అక్కడక్కడ మెల్లగా తట్టండి. అన్ని చోట్లా గణగణ మోగితే లోపల బీట లేదు, ఎక్కడైనా బద్దగా పలికితే అక్కడ అనుమానం. శిల్పశాస్త్రాలు రాయిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించడంలో ఈ నాదానికి పెద్ద పాత్ర ఉంది. రెండోది, పలకంతా నీళ్లతో తడిపి ఆరేదాకా చూస్తూ ఉండండి. కంటికి కనపడని బీట తడిని పట్టుకుంటుంది కాబట్టి మిగతా రాయి ఆరిపోయాక కూడా అక్కడ సన్నని నల్లగీత నిలిచి ఉంటుంది. సున్నపురాతిలో పొరలు ఉంటాయి కాబట్టి పై అంచులోంచి నీరు దిగకుండా చూడాలి. పలక నెత్తిన ముందుకు వాలిన చిన్న రాతిపట్టీ ఒకటి పెట్టించండి. మీరు చెప్పిన కొలతకు నాలుగంగుళాల మందం తీసుకుంటే ఒక్కో పలక సుమారు 110 కిలోలు తూగుతుంది. ఉత్త సిమెంటుతో అంటించవద్దు, వెనక స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలతో గోడకు బిగించాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే రాయిని చీలుస్తుంది, ముందుకు ఎర్రని చార కూడా దిగుతుంది.

వెలుతురు గురించి చాలామంది ఆలోచించరు, చెక్కడం సగం దాని మీదే ఆధారపడుతుంది. తూర్పు గోడ మీద తెల్లవారి ఎండ ఎదురుగా పడుతుంది, ఆ వేళ ఎంత లోతుగా చెక్కినా పలక చదునుగానే కనిపిస్తుంది. పొద్దెక్కి ఎండ పైనుంచి గోడను రాసుకుంటూ దిగేటప్పుడు ప్రతి ఈనె కిందా నీడ పడి ఆకు లేచి నిలబడుతుంది. మీకు పోర్టికో ఉంటే ఆ మంచి వేళలోనే కప్పు అడ్డం వస్తుంది. కాబట్టి పలకలకు పైన, గోడకు దగ్గరగా, కిందికి వెలుతురు జార్చే చిన్న లైట్లకు ఇప్పుడే వైరింగ్ పెట్టించుకోండి. ఎదురు గోడ మీది ఫోకస్ లైటు వల్ల ప్రయోజనం లేదు. నీడ పడే వైపు శిల్పికి ముందే చెబితే ఆకుల వాలును దానికి తగ్గట్టు తీస్తారు.

మీరు అడగలేదు గాని, మిషను చెక్కడం ప్రస్తావన తప్పదు. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషనుతో నేల దించి, ఆకుల ముతక రూపం తీయించి, మిగిలినది చేత్తో పూర్తి చేయించడంలో తప్పేమీ లేదు. శ్రమా దుమ్మూ తగ్గుతాయి. పూర్తిగా మిషను మీద వదిలేస్తే మాత్రం ఆకు కింద ఉలి దూరి నీడ పుట్టించవలసిన చోట అది దూరదు, అంచులన్నీ ఒకే గుండ్రంతో వస్తాయి. ఇంకా, ఆ షాపుల్లో ఉండే డిజైన్ ఫైళ్లు అందరికీ ఒకటే, అప్పుడు మీ మారేడు ఊరందరి తీగే అవుతుంది. కోత ఎక్కడ చేయించినా ఇంటి దగ్గర వద్దు. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బాగుపడని జబ్బు తెస్తుంది. పనిశాలలో నీళ్లు పోస్తూ కోసి, మాస్కు పెట్టుకునే పనివారి దగ్గరే చేయించండి.

బిగించిన తరువాత అసలు ప్రమాదం గృహప్రవేశానికి ముందు వస్తుంది. టైల్స్ మీది సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రిలు యాసిడ్‌తో కడుగుతారు. సున్నపురాయికి యాసిడ్ తగిలితే నురగలు కక్కి కరిగిపోతుంది. మంగళగిరి వైపు ఒక ఇంట్లో మేము బిగించి వచ్చిన పద్మం పలక మీద కూడా అక్కడి పనివాడు చేతికి అలవాటైన కొద్దీ యాసిడ్ పోసి బ్రష్‌తో తోమాడు. రేకుల అంచులన్నీ మొద్దుబారి, మెరుగు పోయి, పలక సుద్దలా తెల్లబారింది; పైపొర మళ్లీ గీకి చెక్కడం తప్ప దానికి మందు లేకపోయింది. కాబట్టి రంగులూ కడుగుళ్లూ అన్నీ అయ్యాకే పలకలు బిగించండి, కుదరకపోతే ప్లాస్టిక్ పట్టాతో పూర్తిగా కప్పించి, మేస్త్రికి నోటితో కూడా చెప్పండి. తర్వాత శుభ్రం చేయడానికి మెత్తని బ్రష్, మంచినీళ్లు చాలు. విగ్రహానికి రాసినట్లు నూనె రాయడం నల్లరాతికి చెల్లుతుంది, తెల్లని సున్నపురాతికి మరకలు పడతాయి. పసుపు కుంకుమలు పెట్టాలని ఇంట్లో ఆడవాళ్లకు ఉంటుంది, వద్దనలేము. పలక అడుగున మెరుగు పెట్టిన గ్రానైట్ పట్టీ ఒకటి అమర్చి బొట్లు అక్కడ పెట్టుకోమనండి. ఎండ తగిలే చోట పసుపు క్రమంగా వెలిసిపోతుంది గాని నూనెతో కలిసిన కుంకుమ మాత్రం సున్నపురాతిలోకి ఇంకిపోతుంది.

శిల్పితో మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగు లెక్కన బేరం ఆడకండి. ఆ లెక్కలో ఖాళీ నేలకూ సన్నని ఆకుకూ ఒకటే రేటు పడుతుంది, అప్పుడు చెక్కేవారికి తొందరపడక తప్పదు. దానికి బదులు పలకలో ఒక్క మూడాకుల రెమ్మను జానెడు రాతిముక్క మీద ముందు చెక్కి చూపమనండి, ఆ నమూనాకు వేరే డబ్బు ఇవ్వండి. దాన్ని మీ గోడ దగ్గర, మీ వెలుతురులో నిలబెట్టి చూస్తే లోతు ఎంత కావాలో ఇద్దరికీ తెలిసిపోతుంది. మారేడు కొమ్మ కోయించేటప్పుడు లేత చిగుళ్లు కాక ముదురు ఆకులున్నది, కాయతో సహా చూసి కోయించండి. ఆ చెట్టు వేసవి మొదట్లో ఆకు రాలుస్తుంది కాబట్టి అంతకుముందే పని పెట్టుకుంటే మంచిది. కోసిన కొమ్మను నీళ్ల బకెట్‌లో ఉంచి అదే రోజు పనిశాలకు చేర్చాలి, మర్నాటికి ఆకు వాలు మారిపోతుంది. పోర్టికో కప్పు గోడ నుంచి ఎన్ని అడుగులు ముందుకు వచ్చిందో ఇక్కడ రాస్తే, జల్లు తగులుతుందో లేదో చూసి రాయి విషయం ఇంకా కచ్చితంగా చెప్పగలను.